తొమ్మిదో గది గంట

ఇంగ్లీషులో ఉండే ఇరవయ్యారు అక్షరాల్లో బ్రహ్మయ్యకి ఓ పద్నాలుగింటితో పరిచయం ఉంది. మిగతావాటితో మాటల్లేవు. అయినా పంతొమ్మిదేళ్ళ నించీ శేషగిరిగారి కోల్డ్‌స్టోరేజీలో కంప్యూటర్ ముందు కుర్చీ అతనిదే. నల్లటి తెర మీద పచ్చగా పాకే అక్షరాల్ని అతను చదివేవాడు కాదు, ఆనవాలు పట్టేవాడు. ఫలానా చోట పొడుగు వరస పడిందంటే మూడో గది తలుపు తెరిచి ఉంది. కింద మూలన మిణుకుమందంటే కంప్రెసర్ మొరాయిస్తంది. అంతే చదువు.

ఆ కోల్డ్‌స్టోరేజీ గుంటూరు నించి నరసరావుపేట పోయే రోడ్డు మీద ఉంటది. పన్నెండు గదులు. ఒక్కో గది మూడంతస్తుల ఎత్తు, నిండా ఎండుమిరప బస్తాలు, పైన అమోనియా గ్యాసు గొట్టాలు. ఏ రైతు బస్తా ఏ గదిలో ఏ వరసలో ఉందో, ఏ గదిలో చలి ఎంతుందో అన్నీ ఆ కంప్యూటర్‌కే తెలుసు. ప్రతి గదిలో తలుపు పక్కన లోపలివైపు ఓ ఎర్ర మీట ఉంటది. లోపల మనిషి చిక్కుకుపోతే అది నొక్కాలి. నొక్కితే బయట గోడ మీద గంట గణగణమంటది, తెర మీద ఓ వరస పడుద్ది.

ఆ మీటకి ప్రాణాల పని ఎప్పుడూ పడలా. టీ పని పడింది.

మొదలుపెట్టింది ఏడుకొండలు. హమాలీ ముఠాకి మేస్త్రీ, బ్రహ్మయ్యకి సొంత బావమరిది. బ్రహ్మయ్య పెళ్ళాం సాంబ్రాజ్యం రోజూ పదిన్నరకి ఇంటి నించి ఫ్లాస్కులో టీ తెచ్చేది, మొగుడికో గ్లాసు, తమ్ముడికో గ్లాసు. ఏడుకొండలు గది లోపలుండి రెండుసార్లు మీట నొక్కేవాడు. అక్క వచ్చిందా అని దాని అర్థం. బ్రహ్మయ్య ఎఫ్ పన్నెండు బొత్తాం కొట్టి తెర మీద వరస చెరిపేసి, పోయి తలుపు తీసేవాడు. "మీ అక్క రాలేదురా, మొగుణ్ణి వదిలేసి పుట్టింటికి పోయింది, పోయి తీసుకురా" అని కాసేపు ఏడిపించి, అప్పుడు వీపు వెనక దాచిన గ్లాసు తీసేవాడు. గంట మోతకి ఆఫీసులో వాళ్ళు విసుక్కుంటంటే, ఓ రోజు బ్రహ్మయ్య నిచ్చెనేసుకుని ఎక్కి, గంట నోట్లో గోనెగుడ్డ కుక్కాడు. "దీనికి ముక్కు దిబ్బడేసింది, ఇంక అరవదు" అన్నాడు. అందరూ పడీపడీ నవ్వారు. శేషగిరిగారు కూడా నవ్వారు. గుడ్డ అట్టాగే ఉండిపోయింది.

మూడేళ్ళ కిందట సాంబ్రాజ్యం కామెర్లొచ్చి పోయింది. పదిన్నరకి రెండుసార్లు మీట నొక్కడం మాత్రం ఆగలా. టీ బడ్డీకొట్టు నించి వచ్చేది. బావా బావమరుదులిద్దరూ తొమ్మిదో గది అరుగు మీద కూర్చుని, ఆమె పేరెత్తకుండా తాగి లేచేవాళ్ళు.

ఆ యేడు కంప్యూటర్ కంపెనీవాళ్ళు పాత యంత్రం తీసి కొత్తది పెట్టారు. వెనక పచ్చతెర ఉంది గానీ, వరసల చోట్లన్నీ మారిపోయాయి. దాంతోపాటే బొమ్మల తెర కూడా ఇచ్చారు. అంతా నీలం డబ్బాలు, డబ్బాల్లో ఇంగ్లీషు, ఏది తప్పినా ఎర్ర డబ్బా ఎగిరి మొహం మీదికొచ్చి కూర్చునేది. చదివి నొక్కితేగానీ పోదు. బ్రహ్మయ్య రెండు రోజులు దాని ముందు కూర్చుని, మూడో రోజు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"అయ్యా, నన్ను గేటు దగ్గర కూర్చోబెట్టండి. అక్కడ చదువుకునేదేం ఉండదు."

శేషగిరిగారికి అతన్ని వదులుకోవడం ఇష్టం లేదు. అట్టా వచ్చింది నస్రీన్, హైదరాబాదు నించి, పాతికేళ్ళు దాటిన పిల్ల. సొంతంగా ఓ చిన్న కంపెనీ పెట్టి 'చూపు' అని ఒకటి తయారుచేసింది. పలచటి గాజుపలక, నుదుటికి కట్టుకునే రబ్బరు పట్టీ, అంతే సామాను.

వచ్చిన మొదటి రోజే బ్రహ్మయ్య ఆమెని కంప్రెసర్ దగ్గరికి తీసుకుపోయి, చెప్పులు విడిపించి, దానికి మూడుసార్లు దణ్ణం పెట్టించాడు. పెట్టకపోతే కరెంటు పోద్దని చెప్పాడు. నస్రీన్ నిజంగానే పెట్టింది. హమాలీల నవ్వులు వినపడ్డాక తిరిగి చూసి, "బాబాయ్, మీకు ఎలాంటి బొమ్మ గీయించాలో నాకు తెలిసిపోయింది" అంది.

"అయితే యంత్రానికి పుట్టుకతో వచ్చిన పళ్ళుండగా ఈ పెట్టుడు పళ్ళు ఎందుకంటా?" అన్నాడు బ్రహ్మయ్య, గాజుపలకని వేలితో కొట్టి చూస్తా.

"పుట్టుకతో వచ్చిన తెర అందరికీ ఒకేలా ఉంటుంది. ఇది మీ ఒక్కరికే. యంత్రాన్ని ఇది మార్చదు బాబాయ్. వెనకున్న పచ్చతెర చదువుతుంది, చదివి మీకు తెలిసిన పద్ధతిలో బొమ్మేస్తుంది, మీరు చెయ్యి కదిపితే మీ బదులు తనే బొత్తాలు కొడుతుంది. పక్కన నించున్నవాళ్ళకి ఉత్త గాజే కనపడుతుంది."

"నాకేం తెలుసో దానికెట్టా తెలుసుద్ది?"

"మీ చూపు ఎక్కడ ఆగుతుందో చూస్తుంది. ఏది చూస్తే మీకు నెమ్మదిగా ఉంటుందో, ఏది చూస్తే తల తిప్పుకుంటారో, దేన్ని ఎప్పుడూ చెరిపేస్తారో. నేర్చుకుంటుంది." పట్టీ అతనికి అందిస్తా అంది. "మా నాన్న మిల్లులో గుమాస్తా. తెర మార్చినప్పుడల్లా ఇంటికొచ్చి అన్నం తినేవాడు కాదు. అందుకే చేశాను దీన్ని."

బ్రహ్మయ్య ఇంక ఎకసెక్కాలు మానేసి పట్టీ కట్టుకున్నాడు.

మొదటి వారం గాజులో ఏవో రంగులు మెదిలాయి, అంతే. రెండో వారం ఓ పొద్దున పట్టీ కట్టుకుని చూస్తే కొట్టం. పన్నెండు గుంజలు, పన్నెండు బర్రెలు. బ్రహ్మయ్య చిన్నప్పుడు ఏడో క్లాసు ఎగ్గొట్టి కాసింది వాటినే. రెండో గదిలో చలి తగ్గితే రెండో బర్రె రొప్పుతంది. అయిదో గది తలుపు సరిగ్గా పడకపోతే అయిదోది పలుపు తెంచుకోబోతంది. బస్తాలు దింపితే పొట్ట లోపలికి పోతంది. చెయ్యెత్తి గంగడోలు నిమిరితే కంప్రెసర్ ఊపందుకునేది. అక్షరమ్ముక్క అక్కర్లా.

"నాలుగోదానికి ఒంట్లో బాగలేదయ్యా" అని శేషగిరిగారికి చెప్పేవాడు. ఆయన పోయి చూస్తే నాలుగో గది ఫ్యాను నిజంగానే ఆగి ఉండేది. శేషగిరిగారు ఊరంతా చెప్పుకున్నారు. నస్రీన్ హైదరాబాదు నించి మనుషుల్ని తెచ్చి బ్రహ్మయ్యని చూపించేది. వాళ్ళ ముందు అతను ఉత్తుత్తినే పాలు కూడా పిండి చూపించేవాడు.

తర్వాత ఓ రోజు కొట్టం చివర చీర కుచ్చెళ్ళు కనపడ్డాయి.

వంకాయరంగు చీర. ఎవరో వెనక్కి తిరిగి పేడ ఎత్తుతన్నారు. బ్రహ్మయ్య చూపు అక్కడ ఆగింది. పట్టీకి కావల్సిందదే, చూపు ఆగిన చోట అతని మనసుకి తగ్గట్టు ఇంకాస్త గీసేది. మర్నాడు వీపు కనపడింది, జడ ముడి కనపడింది. ఆ తర్వాత మెడ మీద పుట్టుమచ్చ. పదో రోజున సాంబ్రాజ్యం ఇటు తిరిగింది.

మాట్లాడలా. నవ్విందంతే. పదిన్నరకి తొమ్మిదో గదిలో ఏడుకొండలు రెండుసార్లు మీట నొక్కాడు. పచ్చతెర మీద వరస పడింది. దాన్ని బ్రహ్మయ్య పంతొమ్మిదేళ్ళుగా ఏం చేస్తాడో చూపు నేర్చేసుకుంది. ఎఫ్ పన్నెండు తనే కొట్టుకుని వరస చెరిపేసింది. చెరిపేసి, సాంబ్రాజ్యం చేతిలో టీ గ్లాసు పెట్టింది.

బ్రహ్మయ్య ఆ రోజు తలుపు తీసేప్పటికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఏంది బావా?" అన్నాడు ఏడుకొండలు. "మిరపఘాటురా" అన్నాడు.

తర్వాత గాజులో సాంబ్రాజ్యం కనపడతందని చెప్పాడు. ఏడుకొండలు ఏదో కొత్త వేళాకోళం అనుకున్నాడు. పట్టీ ఓసారి తనకిమ్మన్నాడు. బ్రహ్మయ్య ఇవ్వలా. "నీ తల పెద్దది, తెగిపోద్ది" అన్నాడు.

ఆదివారాలు కూడా డ్యూటీకి పోవడం మొదలెట్టాడు బ్రహ్మయ్య. ఇంట్లో సాంబ్రాజ్యం ఫోటోకి దండ ఎండి రాలిపోతన్నా మార్చలా. ఫోటో ఆమెలా లేదు, అందులో కదలదు గదా అనిపించేది. పొయ్యి వెలిగించడం మానేశాడు. ఆకలేస్తే బన్ను ముక్క టీలో ముంచుకు తినేవాడు, గాజు వైపు చూస్తా.

సాంబ్రాజ్యం పోయిన తిథి వచ్చింది. ఏడుకొండలు తెల్లారే చేపలు తెచ్చి, గోంగూర నూరి, తనకొచ్చినట్టు వండి, బావ ఇంటి వసారాలో ఆకేశాడు. బట్టలు పెట్టాడు. మొగుడొచ్చి దణ్ణం పెడితేగానీ ఆకు బయట పెట్టకూడదు. పన్నెండైంది, ఒంటిగంటైంది. బ్రహ్మయ్య రాలా. ఏడుకొండలే ఆకు తీసుకుని మేడ మీద పెట్టాడు. అన్నం మీద ఎండ పడింది, కాకి వాలలా.

సాయంత్రం గేటు దగ్గర బావని నిలదీశాడు.

"యాడికి పోయావు బావా?"

"యాడికి పోలా. మీ అక్క దగ్గరే ఉన్నా. రోజూ కనపడే మనిషికి ఆకేసి పెట్టడమేందిరా, అపశకునం."

ఏడుకొండలు నెమ్మదిగా అన్నాడు. "మా అక్క చచ్చిపోయింది బావా. నా చేత్తో మట్టేశా. నువ్వు చూసేది నీ పైత్యం."

"నీకు కనపట్లేదని ఏడుపు నీది."

ఏడుకొండలు వెళ్ళిపోయాడు. మర్నాటి నించి పదిన్నరకి మీట నొక్కడం మానేశాడు. తొమ్మిదో గది అరుగు ఖాళీ. గాజులో సాంబ్రాజ్యం ఉండేది, చేతిలో గ్లాసు మాత్రం ఉండేది కాదు.

పదకొండు రోజులు అట్టాగే గడిచాయి.

పన్నెండో రోజు పొద్దున లారీ ఆలస్యమైంది. ముఠా ఇంకా రాలా. తొమ్మిదో గదిలో పై అంతస్తున బస్తాల వరస గొట్టాల మీదికి వంగిందని, చూసొస్తానని ఏడుకొండలు ఒక్కడే లోపలికి పోయాడు. ఆ తలుపు లోపలి గడియకి మంచు పట్టి బిగుసుకుపోతంది, బాగుచేయించాలని అతనే రెండు నెలల్నించీ చెప్తన్నాడు.

పదింపావుకి గాజులో సాంబ్రాజ్యం చేతిలోకి గ్లాసు వచ్చింది.

బ్రహ్మయ్య గుండె తేలికపడింది. బావమరిదికి కోపం తగ్గిందన్నమాట. పావుగంట ముందే నొక్కాడంటే ఎంత మొహంవాచి ఉన్నాడో. లేవబోయాడు. మళ్ళీ కూర్చున్నాడు. పదకొండు రోజులు నన్ను కాల్చుకుతిన్నాడు గదా, ఓ పది నిమిషాలు చలిలో నించోనీ, తలుపు తీయగానే పళ్ళు టకటకలాడతంటే చూసి నవ్వొచ్చు అనుకున్నాడు. ఏమనాలో మాట కూడా సిద్ధం చేసుకున్నాడు.

సాంబ్రాజ్యం రెండో చేతిలోకి ఇంకో గ్లాసు వచ్చింది. "ఉండవే, మీవాడికి తొందరెక్కువ" అన్నాడు బ్రహ్మయ్య గాజుతో.

మూడో గ్లాసు. ఇంక చేతుల్లేవు. మూడోదాన్ని వంగి నేల మీద పెట్టింది. నాలుగోది దాని పక్కన. అయిదోది. ఆరోది. నవ్వుతానే ఉంది. ఆమె నించున్న చోటికి సరిగ్గా వెనక తొమ్మిదో బర్రె ఉంది, అది కనపడలా.

ఎనిమిది గ్లాసులు అయ్యేదాకా చూస్తానే ఉన్నాడు. అప్పుడు కుర్చీ ముందుకి లాక్కున్నాడు. కొట్టంలో, పేడ మధ్య, సాంబ్రాజ్యం తాగే గ్లాసు నేల మీద పెట్టడమేంది? ఇరవయ్యేడేళ్ళ కాపరంలో ఒక్కసారి మంచం కింద గ్లాసు పెట్టినందుకు తనని వారం రోజులు సాధించిన మనిషి.

"నువ్వు కాదు" అన్నాడు. పట్టీ లాగేశాడు.

గాజు ఉత్త గాజైంది. వెనక పచ్చతెర. ఆ వరసే. చూపు చెరిపేలోగానే మళ్ళీ పడతా, ఒకదాని కింద ఒకటి, ఒకదాని కింద ఒకటి, తెర నిండా ఆ వరసే, మొదట్లో తొమ్మిది అంకె.

బ్రహ్మయ్య పరిగెత్తాడు. నడవలోకి రాగానే అమోనియా ఘాటు ముక్కుకి తగిలింది, లోపల గొట్టం పగిలింది. నీళ్ళతొట్టిలో గోనెసంచి ముంచి మొహానికి చుట్టుకుని తలుపు లాగాడు. ఏడుకొండలు గుమ్మానికి అడ్డంగా పడున్నాడు. తువ్వాలు నోటికి కట్టుకుని ఉంది. చెయ్యి ఇంకా మీట కిందే, గోడనంటుకుని ఉంది.

బతికాడు. ఇరవై రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. కళ్ళు దక్కాయి. ఊపిరితిత్తులు సగం కాలాయన్నారు. గొంతు పోయి, ఈలలాంటి గాలి మిగిలింది. బస్తా మాటెందుకు, నీళ్ళ బిందె కూడా ఎత్తకూడదన్నారు.

నస్రీన్ వచ్చి గాజుపలక లోపల నమోదైందంతా తీసి చూసింది. శేషగిరిగారి గదిలో కూర్చుని చెప్పింది, తలెత్తకుండా.

"మొదటిసారి నొక్కినప్పటి నించి తలుపు తీసేదాకా పద్నాలుగు నిమిషాలు. చూపు తప్పు చదవలేదు. ప్రతిసారీ సరిగ్గానే చదివింది. ఆ గంటంటే టీ అని దానికి మీరే నేర్పారు. అది నేర్చుకోకుండా నేను ఆపి ఉండాల్సింది. కొన్నింటిని ఎంత మొహం తిప్పుకున్నా చూపించి తీరాలని నాకు తట్టలేదు."

"పుట్టుకతో వచ్చిన తెరే పెట్టుకుంటాం" అన్నారు శేషగిరిగారు. "ఎర్ర డబ్బా మొహం మీదికొస్తే రానీ." బ్రహ్మయ్య వైపు చూడలేదాయన. గంట నోట్లో గుడ్డ చూసి నవ్వినవాళ్ళలో తనూ ఒకరని ఆయనకి గుర్తుంది.

బయటికొచ్చాక నస్రీన్ అంది. "బాబాయ్, ఒక్క మాట. గంటని విడిగా తీసేయగలను. దానికి మామూలు ఎర్ర దీపం పెట్టేస్తాను. మిగతాదంతా అలాగే ఉంటుంది. పిన్ని కూడా. మీరు ఉండమంటే అయ్యగారితో నేను మాట్లాడతాను."

బ్రహ్మయ్య వెంటనే వద్దనలా. నిజం చెప్పాలంటే ఉండమని నోటిదాకా వచ్చింది. పొద్దున్నే నిచ్చెనెక్కి గంటలోంచి లాగిన గోనెగుడ్డ ఇంకా అతని చేతిలోనే ఉంది. మడిచి, విప్పి, మళ్ళీ మడిచాడు.

అప్పుడే ఏడుకొండలు ఆటో దిగి వచ్చాడు, నాలుగడుగులకోసారి ఆగుతా. గాజుపలక పెట్టెలో సర్దేస్తన్నారని ఎవరో చెప్పారంట.

"పోయేముందు" అన్నాడు ఆ గాలి గొంతుతో, "ఒక్కసారి నన్నూ చూడనీ బావా. అక్కని."

ఈసారి బ్రహ్మయ్య తల పెద్దదనలా. తన చేత్తోనే పట్టీ కట్టాడు. కుర్చీలో కూర్చోబెట్టి పక్కన నించున్నాడు. అతనికి కనపడేది ఉత్త గాజు, దాని వెనక పచ్చ అక్షరాలు. చూపు కొత్త మనిషిని అరగంటసేపు తడుముకుంది.

"ఏదన్నా కనపడతందా?" అన్నాడు బ్రహ్మయ్య.

"తలుపు."

"అక్క?"

ఏడుకొండలు తలాడించాడు, లేదని. "నువ్వున్నావు. తలుపు తీసుకుని నించున్నావు. చేతిలో గ్లాసుంది."

బ్రహ్మయ్య కుర్చీ వెన్ను పట్టుకున్నాడు. "ఎంతసేపటికి వచ్చానురా?"

"ఇంకా నేను మీట నొక్కలా. చెయ్యి ఇట్టా లేస్తందంతే. అప్పటికే తీశావు." ఊపిరి కోసం ఆగాడు. మొహం మీద నవ్వు. "మళ్ళీ తీశావు. చూడు, మళ్ళీ."

ఆ నవ్వు చూశాడు బ్రహ్మయ్య. బన్ను ముక్క చేతిలో మర్చిపోయి గాజు వైపు చూసినప్పుడు తన మొహం కూడా ఇట్టాగే ఉండుంటది. ఇన్నాళ్ళూ పక్కనుండి చూసినవాడు వీడు.

పట్టీ ముడి మీద చెయ్యేశాడు.

"ఇంకాసేపుండనీ బావా" అన్నాడు ఏడుకొండలు.

"వద్దురా."

విప్పి, గాజుపలక కొక్కేలు తప్పించి, రెండూ నస్రీన్ చేతిలో పెట్టాడు. ఆమె తీసుకుంది. తెర మీద ఆనాటి వరస ఒకటి ఇంకా చెరపకుండా ఉంచారు, విచారణ కోసం. బ్రహ్మయ్య కళ్ళజోడు పెట్టుకుని, దాని మీద వేలు పెట్టాడు.

"ఇది తొమ్మిది. ఇది తెలుసు. దీని పక్కది ఏం అక్షరం అమ్మా?"

"ఎమ్."

"తర్వాతది ఏ. నాకు తెలుసు అది. ఆ తర్వాత?"

ఒక్కొక్కటే చెప్పింది నస్రీన్. వేలు వరస చివరిదాకా వచ్చి ఆగింది.

"మొత్తం కలిపితే?"

"లోపల మనిషి ఉన్నాడు అని, బాబాయ్."

బ్రహ్మయ్య వేలు తీయలా. "పంతొమ్మిదేళ్ళ నించీ ఇక్కడ ఉన్నది ఇదా?"

వెనక కుర్చీలోంచి ఏడుకొండలు ఊపిరి వినపడతంది, ఈల వేసినట్టు. బ్రహ్మయ్య మళ్ళీ మొదటి అక్షరం నించీ కూడబలుక్కోవడం మొదలెట్టాడు.